మండువా పెట్టినంత మాత్రాన ఇల్లు చల్లబడదు: గుంటూరులో 200 గజాల తూర్పు ఫేసింగ్ ఇంటికి

మీరు అడిగింది ఇదీ: గుంటూరు శివారులో 36×50 అడుగుల తూర్పు ఫేసింగ్ స్థలం, నల్లరేగడి నేల, కిందా పైనా రెండు అంతస్తులు. పాత పెంకుటిల్లులా చల్లగా ఉండాలి, మధ్యలో మండువా కావాలి, ఏసీ వాడకం బాగా తగ్గాలి. మట్టి గోడలు, సున్నం పనికొస్తాయా అన్నది కూడా. వరసగా కాకుండా, డబ్బు ఎక్కడ పెడితే చల్లదనం ఎక్కువ వస్తుందో ఆ క్రమంలో చెబుతాను.

ముందు ఒక అపోహ తీసేయాలి. పాత లోగిళ్లు చల్లగా ఉన్నది మండువా వల్లే అని అందరూ అనుకుంటారు. మండువా చేసిన పని వెలుతురివ్వడం, వేడిగాలిని పైకి పంపడం. అసలు పని చేసినవి మూడు: గోడకు ఎండ తగలనివ్వని వసారాలు, కిందికి వంగిన చూరు, తేలికైన పెంకు కప్పు. పెంకు అర అంగుళం మందం. ఎంత కాగినా పొద్దుగూకిన గంటకల్లా చల్లారిపోతుంది, సందుల్లోంచి గాలి ఆడుతూనే ఉంటుంది. ఐదంగుళాల శ్లాబు అలా కాదు. మధ్యాహ్నమంతా తాగిన వేడిని రాత్రి తొమ్మిదీ పదింటికి మంచం మీదికి వదులుతుంది. రాజస్థాన్ ఇళ్ల మందపు గోడలను చూసి ఇక్కడా అలాగే కట్టాలనుకునేవాళ్లు మరిచేది ఏమిటంటే, అక్కడి పొడి గాలిలో రాత్రికి వేడి గబగబా దిగిపోతుంది, గోడ చల్లారడానికి అవకాశం ఉంటుంది. మన దగ్గర మే నెలలో రాత్రి కూడా 28–30 డిగ్రీల దగ్గరే ఆగిపోతుంది, పైగా ఉక్కపోత. కాబట్టి ఇక్కడ సూత్రం ఒక్కటే: ఎండ ఇంటిని తాకకముందే ఆపాలి, తర్వాత గాలి ఆడనివ్వాలి. గోడ దేనితో కట్టామన్నది ఆ తర్వాతి మాట.

అందుకే మొదటి ఖర్చు పై శ్లాబు మీద. ఇళ్ల కోసం కేంద్రం 2018లో తెచ్చిన ఎకో నివాస్ సంహిత ప్రకారం కప్పు గుండా వేడి పారే విలువ, అదే యూ వాల్యూ, 1.2 దాటకూడదు. ఉత్త ఆరంగుళాల శ్లాబుకు అది మూడుకు పైనే ఉంటుంది. శ్లాబు మీద 50 మి.మీ. ఎక్స్‌పీఎస్ షీటు, అంటే వేడిని ఆపే గట్టి నురుగు పలక, పరిస్తే అర దగ్గరికి దిగుతుంది, 25 మి.మీ. వేసినా ఒకటి లోపే. వేసే క్రమం ముఖ్యం. ముందు శ్లాబు మీద వాటర్‌ప్రూఫింగ్ చేసి, నీళ్లు కట్టి 48 గంటలు ఉంచి, కింద చెమ్మ లేదని చూసుకోవాలి. దాని మీద షీట్లు సందు లేకుండా అమర్చి, అతుకులకు టేపు వేసి, పైన ప్లాస్టిక్ షీటు పరచాలి. ఆపైన రెండంగుళాల కాంక్రీటు, అందులో కోళ్ల జాలీ, పదేసి అడుగులకు ఒక కోత. వాలు వందకు ఒకటైనా ఉండాలి. చివరగా తెల్ల టైల్ ముక్కలు. అహ్మదాబాద్‌లో బాలకృష్ణ దోశీ 1981లో పూర్తి చేసిన తన ఆఫీసు 'సంగత్' కమాను కప్పుల మీద వాడింది ఇలాంటి తెల్ల చైనా ముక్కలే. ఎండను తిప్పికొడతాయి, వంపు మీదా పగలకుండా కూర్చుంటాయి, టైల్ దుకాణంలో విరిగినవి తక్కువకు దొరుకుతాయి.

ఇక్కడ జరిగే తప్పు: ఎక్స్‌పీఎస్ బదులు ప్యాకింగుకు వాడే మామూలు థర్మకోల్ తెచ్చి వేస్తారు. అది పైన బరువుకు అణిగిపోతుంది, కాంక్రీటు పగులుతుంది, ఆ పగుళ్లలోంచి నీళ్లు దిగి థర్మకోల్‌లో నిలుస్తాయి. సాంద్రత ఘనపు మీటరుకు 32 కిలోలకు తగ్గని షీటే తీసుకోండి, బిల్లులో రాయించుకోండి. లోపలి వైపు ఫాల్స్ సీలింగ్ పెట్టి దాని మీద గాజు దూది (గ్లాస్‌వూల్) పరచడం రెండో రకం పరిష్కారం. గదికి వేడి తగ్గుతుంది గానీ శ్లాబు మాత్రం రోజూ కాగుతూ చల్లారుతూ పగుళ్లు తెచ్చుకుంటుంది.

పాతకాలపు పద్ధతే కావాలంటే ఇటుక జల్లి సున్నం కాంక్రీటు: ఒక పాలు సున్నానికి రెండున్నర పాళ్లు ఇటుక జల్లి, మూడంగుళాల మందం, బెల్లం నీళ్లు, కరక్కాయ నీళ్లు చల్లుతూ చెక్క దిమ్మెలతో కొడతారు. అది బాగుంటుంది, కానీ చదరపు మీటరుకు 130 కిలోలకు పైనే బరువు. ఆ బరువు మీ స్ట్రక్చరల్ ఇంజనీరు లెక్కలో ముందే ఉండాలి. కట్టేసిన శ్లాబు మీద తర్వాత పోయించకూడదు.

డబ్బు అంత లేకపోతే సున్నం పూత. కిలో సున్నానికి ఐదు లీటర్ల నీళ్లు, ఒక రోజు నాననిచ్చి, గుడ్డలో వడకట్టి, కొంచెం జిగురు కలిపి రెండు మూడు పూతలు. ఏటా ఫిబ్రవరి చివర్లో వేయాలి, వానలకు కొట్టుకుపోతుంది. చవకగా పనిచేసేది ఇదే, కాకపోతే ఎవరూ రెండో ఏడు వేయరు.

ఇంకో దారి, కప్పుకే గొడుగు పట్టడం. మూడు కిలోవాట్ల సోలార్ ప్యానెళ్లకు సుమారు 250–300 చదరపు అడుగులు కావాలి. వాటిని ఏడెనిమిది అడుగుల ఎత్తులో పెడితే కింద డాబా వాడుకోవచ్చు, శ్లాబుకు నీడ దొరుకుతుంది. 2024లో మొదలైన పీఎం సూర్యఘర్ పథకంలో మూడు కిలోవాట్లకు 78,000 రూపాయల రాయితీ ఉంది. పడక గదుల పైన ప్యానెళ్లు వచ్చేలా చూడండి, మెట్ల గది పైన కాదు. మన ప్రాంతం సెకనుకు 50 మీటర్ల గాలి వేగానికి లెక్క వేయాల్సిన చోటు, తుఫాను దారి. కాబట్టి స్టాండు కాళ్లు శ్లాబుకు బోల్టు కొట్టి కాదు, కిందనున్న బీముల్లోంచి లేపిన పెడస్టళ్ల మీద ఉండాలి. ఇప్పుడు ప్రతి డాబా మీదా కనిపించే రేకుల షెడ్డు కూడా నీడే, నాలుగు వైపులా తెరిచి ఉంచినంత కాలం. గోడలు కట్టి గదిగా మారిస్తే కొలిమి.

వాలు శ్లాబు పోసి దాని మీద సిమెంటుతో మంగళూరు పెంకు అతికించే ఫ్యాషన్ గురించి ఒక మాట. అది చూడ్డానికే. పెంకు కింద గాలి ఆడదు కాబట్టి వేడి నేరుగా శ్లాబులోకి దిగుతుంది. పెంకు పెట్టదలిస్తే శ్లాబు పైన జీఐ లేదా చెక్క రీపర్లు కొట్టి, అంగుళమున్నర ఖాళీ వదిలి, చూరు దగ్గరా కొప్పు దగ్గరా గాలి వెళ్లే దారి ఉంచాలి. చదరపు మీటరుకు 15 పెంకుల లెక్క. రీపర్ల మధ్య దూరం పన్నెండున్నర అంగుళాల చుట్టూ ఉంటుంది గానీ, తెచ్చిన పెంకు నాలుగు వరసలు పేర్చి కొలిచాకే రీపరు కొట్టించండి. అంచు వరసల్నీ కొప్పు వరసనీ తీగతోనో స్క్రూతోనో కట్టాలి, లేకపోతే మొదటి తుఫానుకే ఎగురుతాయి.

ఇక గోడలు. గుంటూరు 16.3 డిగ్రీల ఉత్తర అక్షాంశం మీద ఉంది. మే మొదటి వారంలో ఒకసారి, ఆగస్టు మొదటి పది రోజుల్లో ఒకసారి మధ్యాహ్నం సూర్యుడు సరిగ్గా నడినెత్తి మీదికి వస్తాడు. ఈ రెండింటి మధ్య కాలంలో కాస్త ఉత్తరానికే ఉంటాడు. దీని అర్థం, అందరూ భయపడే దక్షిణం గోడ ఎండాకాలంలో పెద్ద సమస్యే కాదు. దక్షిణం కిటికీ నాలుగడుగుల ఎత్తుంటే రెండడుగుల సన్‌షేడ్ చాలు: ఫిబ్రవరి చివరి నుంచి అక్టోబరు మధ్య దాకా మధ్యాహ్నపు ఎండ లోపలికి రాదు. డిసెంబరులో కిటికీ కింది సగంలోంచి కొంచెం వస్తుంది, రానివ్వండి. సన్‌షేడ్ కిటికీకి అటూ ఇటూ ఒక్కో అడుగు ఎక్కువ ఉండాలి. ఉత్తరానికి ఎండ రాదని వదిలేస్తారు, జూన్‌లో పొద్దునా సాయంత్రమూ ఏటవాలుగా వస్తుంది. అక్కడ అడుగున్నర సన్‌షేడుతో పాటు పక్కలకు నిలువు పలకలు పెట్టించండి.

అసలు శత్రువు పడమర గోడ. మధ్యాహ్నం మూడు దాటాక ఎండ అడ్డంగా వస్తుంది, ఏ సన్‌షేడూ ఆపలేదు. పైగా వాస్తు ప్రకారం మాస్టర్ బెడ్‌రూమ్ నైరుతి. అంటే ఇంట్లో అందరికన్నా ముందు పడుకునే గది, అన్నిటికన్నా ఎక్కువ కాగే మూల. వాస్తును కాదనకుండానే దీన్ని సర్దొచ్చు. మెట్లు పడమరకు రావచ్చని వాస్తు చెప్పేవాళ్లే అంటారు, వాయవ్యంలో బాత్‌రూమ్ కూడా ఒప్పుకుంటారు. ఆ రెండింటినీ పడమర గోడ వెంట పేర్చండి. అవి కాగినా మీకు నష్టం లేదు. మిగిలిన నైరుతి గది పడమర గోడకు లోపలి వైపు కింది నుంచి పైదాకా వార్డ్‌రోబ్, కిటికీని దక్షిణానికి మార్చడం. బయట వైపు గోడకు అడుగున్నర ఎడంగా ఇనుప చట్రం నిలబెట్టి రాధామనోహరమో కాగితం పూల తీగో పాకించండి. పక్క ఖాళీ మూడు నాలుగడుగులే కాబట్టి అక్కడ చెట్టు ఆలోచన వద్దు. సిమెంటు జాలీ గోడ పెడితే రంధ్రం వెడల్పు ఎంతో జాలీ లోతు అంతకు తగ్గకూడదు. అంగుళం మందం జాలీ ముగ్గులా కనిపిస్తుంది, ఎండను ఆపదు.

తూర్పు వైపు మీకు వీధి, కాబట్టి ఏడడుగుల వసారా వేయండి. నాలుగడుగుల సిట్‌అవుట్ వేస్తే ఎండ నేరుగా హాల్లోకి వస్తుంది, కుర్చీ వేసుకోవడానికీ చోటుండదు.

గాలి సంగతి. ఏప్రిల్, మే పగళ్లలో పడమటి వడగాలి, సాయంత్రాలకు ఆగ్నేయం నుంచి సముద్రపు గాలి, వానాకాలంలో నైరుతి గాలి. గుంటూరుకు సముద్రం యాభై అరవై కిలోమీటర్లే కాబట్టి ఆ సాయంత్రపు గాలి నిజంగా అందుతుంది. చిక్కేమిటంటే ఆగ్నేయంలో వంటిల్లు ఉంటుంది. గాలి వంటింట్లోంచి పోపు ఘాటుతో సహా పడక గదుల్లోకి వస్తుంది. వంటింటిని మూలకు పూర్తిగా జరిపి, దానికీ దక్షిణం గదికీ మధ్య మిగిలే బయటి గోడలో గాలికి విడిగా ఒక పెద్ద కిటికీ ఉంచండి. వంటింటికి బయటికి తీసే ఫ్యాను తప్పనిసరి.

కిటికీల లెక్కలో ఎక్కువ మంది మోసపోతారు. ఉక్కపోత ప్రాంతాల్లో తెరుచుకునే భాగం నేల విస్తీర్ణంలో 16.66 శాతం, అంటే ఆరో వంతు ఉండాలని అదే సంహిత చెబుతుంది. 12×10 గదికి 20 చదరపు అడుగులు. ఇప్పుడు అందరూ పెట్టే యూపీవీసీ స్లైడింగ్ కిటికీ సగమే తెరుచుకుంటుంది. 4×4 కిటికీ పెట్టి పదహారు అడుగులు వచ్చిందనుకుంటారు, వచ్చేది ఎనిమిది. రెక్కలు తెరుచుకునే కిటికీలైతే 3×4వి రెండు పెట్టినా 21 దాకా వస్తుంది. రెండూ ఒకే గోడకు కాదు, ఎదురెదురుగానో పక్క గోడలకో. దోమ తెర గాలిని బాగా తగ్గిస్తుంది కాబట్టి లెక్క కన్నా కొంచెం ఎక్కువే పెట్టుకోండి. గాలి వచ్చే వైపు కిటికీ అడుగు నేలకు రెండడుగుల ఎత్తులో ఉంటే మంచం మీదికి తగులుతుంది. వెళ్లే వైపు లింటెల్ పైన పాత రోజుల వెంటిలేటర్ పెట్టించండి. ఫాల్స్ సీలింగ్ వచ్చాక ఇళ్లలోంచి మాయమైనది అదే. పాండిచ్చేరి ఆశ్రమంలోని గోల్‌కొండె భవనంలో ఉత్తర, దక్షిణ ముఖాలు మొత్తం తిప్పుకునే పలకలే. ఎండను ఆపుతూ గాలిని మాత్రం వదులుతాయి. ఇదే ఆలోచనను మీ వెంటిలేటర్లకు చిన్న లూవర్లతో తెచ్చుకోవచ్చు.

ఇప్పుడు మండువాకు వద్దాం. 36 అడుగుల వెడల్పులో మీకు దక్కేది ఆరు బై ఎనిమిది. రెండంతస్తుల మీద అది మండువా కాదు, వెలుతురు బావి. వేడిగాలి పైకి పోవడానికి చక్కగా పనిచేస్తుంది, పైన సరిగా మూస్తేనే. నూటికి తొంభై ఇళ్లలో చేసే పని: వానకు భయపడి పైన పాలికార్బనేట్ షీటో గాజో బిగిస్తారు, గాలి దారి మూసేస్తారు. ఏప్రిల్ వచ్చేసరికి పై అంతస్తు వరండా అట్లపెనంలా ఉంటుంది. చేయవలసింది, శ్లాబు మీద నాలుగు వైపులా రెండున్నర మూడడుగుల ఎత్తు వదిలి, అక్కడ లూవర్లు, లోపలి వైపు పక్షి వల, దోమ తెర. దాని పైన మామూలు పెంకు కప్పు, అందులో నాలుగు గాజు పెంకులు. వెలుతురు అవే ఇస్తాయి. దొంగల భయానికి నాలుగంగుళాల సందుతో ఇనుప చువ్వలు. వడగాలి వేళల్లో మూసుకోవడానికి లూవర్లు కింది నుంచి తాడుతో తిప్పేలా ఉండాలి, పైకెక్కి మూసే ఏర్పాటైతే ఎవరూ మూయరు. చుట్టూ ఉన్న గదుల తలుపుల పైన వెంటిలేటర్లు మండువా వైపే తెరుచుకోవాలి, లేకపోతే ఈ బావి వసారాను మాత్రమే చల్లబరుస్తుంది.

పూర్తిగా తెరిచే ఉంచుతానంటే నేల నాలుగంగుళాలు లోతు, పరిచిన నాపరాళ్లకు గరుకు ముఖం, రెండు నీటి దారులు. నాలుగంగుళాల పైపు ఒకటి లెక్కకు చాలు, కానీ వేపాకులు అడ్డం పడ్డ రోజు రెండోది కాపాడుతుంది. ఇక మండువాలో చేపల తొట్టి, ఫౌంటెన్ అడగకండి. నీటి ఆవిరితో చల్లబడడం పొడి గాలి ఉన్న చోట మాట, ఇక్కడ జూన్ నుంచి ఉక్కపోతను పెంచుతుంది, దోమలు అదనం.

మట్టి గోడల విషయంలో నా సలహా వద్దనే. నల్లరేగడి తడికి ఉబ్బుతుంది, ఎండకు నెర్రెలిస్తుంది, స్థిరీకరించిన మట్టి దిమ్మెలకు పనికిరాదు. ఆ దిమ్మెలకు ఇసుక పాలు సగానికి పైన ఉన్న ఎర్రమట్టి, అందులో 5 నుంచి 8 శాతం సిమెంటు కావాలి. కొండల పక్క నుంచి లారీల్లో గ్రావెల్ తెప్పించి పర్యావరణం పేరుతో మట్టి ఇల్లు కట్టడంలో అర్థం లేదు. దగ్గర్లో ఇబ్రహీంపట్నం థర్మల్ కేంద్రం బూడిదతో చేసిన ఫ్లైయాష్ ఇటుక ఉంది. కొలత సరిగ్గా ఉంటుంది కాబట్టి ర్యాట్‌ట్రాప్ కట్టుబడికి అదే మేలు. కేరళలో లారీ బేకర్ ప్రచారంలోకి తెచ్చిన ఈ పద్ధతిలో ఇటుకను అంచు మీద నిలబెట్టి కడతారు. తొమ్మిదంగుళాల గోడలో మధ్య మూడంగుళాల ఖాళీ వస్తుంది, ఇటుక పావు వంతు మిగులుతుంది, ఆ ఖాళీ గాలే వేడిని ఆపుతుంది. నాటు ఇటుకతో కష్టం, ఒక్కో ఇటుక ఒక్కో సైజు.

ఇందులో చెడేది రెండు చోట్ల. మేస్త్రి సున్నితంగా వేయకపోతే మాలు ఖాళీలోకి జారి రెండు పొరల్నీ కలిపేస్తుంది. ఖాళీ మీద చెక్కపట్టీ అడ్డం పెట్టి మాలు వేయమనండి. రెండోది కరెంటు పైపులు. కట్టాక గాడి కొడితే అంచు మీదున్న ఇటుక ఊడి వస్తుంది. పైపులు కట్టేటప్పుడే ఖాళీలోంచి లాగాలి, స్విచ్ బాక్సుల దగ్గర, మూలల దగ్గర, కిటికీ పక్కలకు, మొదటి వరసకు గట్టి కట్టుబడే. పడమర గోడకు మాత్రం ఎనిమిదంగుళాల ఏఏసీ బ్లాకు, అంటే గాలి బుడగలున్న తేలిక కాంక్రీటు దిమ్మె, ఇంకా మెరుగు. గోడ కాలమ్‌తో, బీముతో కలిసే చోట ఫైబర్ మెష్ వేయకుండా ప్లాస్టరింగ్ చేస్తే ఏడాదిలో గీత పడుతుంది.

ఫిల్లర్ శ్లాబు గురించి ఎక్కువ ఆశ పెట్టుకోకండి. ఖాళీ పెంకులు పెట్టి కాంక్రీటు ఆదా చేయడం మంచి పనే, కానీ కింది అంతస్తు శ్లాబుకు ఎండే తగలదు, అక్కడ వేడి తగ్గే ప్రశ్నే లేదు. పై శ్లాబులోనూ తగ్గేది కొద్దిగానే. వేస్తే పెంకుల్ని ముందు రోజు నానబెట్టాలి, లేకపోతే కాంక్రీటులో నీళ్లు పీల్చేస్తాయి. బాత్‌రూమ్ కింద వేయకూడదు.

సున్నం ప్లాస్టరింగ్ లోపలి గోడలకు నిక్షేపంగా వాడండి, సున్నానికి పేరున్న పిడుగురాళ్ల పక్కనే ఉంది. అక్కడి సున్నం తనంతట గట్టిపడే రకం కాదు కాబట్టి ఇటుక పొడి కలపాలి. నీళ్లలో సున్నం వేయాలి, సున్నం మీద నీళ్లు పోయకూడదు, ఒక్కసారిగా పొంగి కళ్లలో పడుతుంది. కనీసం రెండు వారాలు నీటి కింద మాగాక, ఒక పాలుకు మూడు పాళ్ల ఇసుకతో, ఒక్కో పొర పది మి.మీ. దాటకుండా. మే నెలలో మొదలుపెట్టకండి, తడి గోనెలు కప్పినా ఆరిపోయి రాలుతుంది. అక్టోబరు నుంచి జనవరి సరైన కాలం. పని తెలిసిన మేస్త్రి దొరికాడా లేదా అన్నది ముందు చూడండి: స్టోర్‌రూమ్ గోడ ఒకటి చేయించి నెల ఆగితే తెలిసిపోతుంది.

నేల మాట మరవకండి. నల్లరేగడిలో అండర్‌రీమ్డ్ పైల్స్ (అడుగున గుబ్బలా వెడల్పయ్యే పునాది స్తంభాలు), ప్లింత్ బీము కింద నేరుగా రేగడి తగలకుండా ఇసుక పొర, ఇంటి చుట్టూ మూడడుగుల వెడల్పున బయటికి వాలిన నాపరాళ్ల పరుపు. పది అడుగుల్లో వేప చెట్టు వేస్తే నీడ బాగుంటుంది, వేర్లు తేమ లాగేసి ఆ వైపు పునాది దిగుతుంది. 2024 సెప్టెంబరులో బుడమేరు పొంగి విజయవాడ సింగ్‌నగర్ మునిగినప్పుడు తేలింది, మన చుట్టుపక్కల ప్లింత్ ఎత్తును రోడ్డును చూసి కాదు, పాత వరద గుర్తును చూసి వేయాలని. మండువా డ్రైన్ వీధి కాలువకు కలిపితే వెనక్కి పొంగకుండా నాన్‌రిటర్న్ వాల్వు పెట్టించండి, లేకపోతే ఇంటి నడిబొడ్డులోంచే నీళ్లు వస్తాయి.

వాననీటికి ఇంకుడు గుంత రేగడిలో ఇంకదు. ఇసుక పొర దాకా బోరు లాంటి గొట్టం దించాలి, అది కుదరకపోతే సంపులో నిల్వ చేయండి. ఏటా సుమారు వెయ్యి మి.మీ. వాన అనుకుంటే వెయ్యి చదరపు అడుగుల డాబా నుంచి 70 వేల లీటర్లకు పైగా దొరుకుతుంది.

ఏసీ పూర్తిగా మానేయొచ్చని ఎవరైనా అంటే నమ్మొద్దు. మే నెలలో రెండు మూడు వారాలు ఏ కట్టుబడీ మిమ్మల్ని రాత్రి నిద్రపుచ్చలేదు. ఒక్క గదిని అందుకు సిద్ధం చేయండి, కింది అంతస్తు ఈశాన్యం వైపుది మేలు: పైన ఇంకో గది ఉంటుంది, పడమర ఎండ తగలదు. ఆ గది కిటికీలకు రబ్బరు అంచులు, తలుపు కింద బ్రష్ పట్టీ, వెంటిలేటర్లకు మూసుకునే పలకలు. మిగతా గదులకు 28–35 వాట్ల బీఎల్‌డీసీ ఫ్యాన్లు చాలు, పాత ఫ్యాను 75 వాట్లు తాగుతుంది. ఫ్యాను పాయింటు గది మధ్యలో కాకుండా మంచం పైకి వచ్చేలా శ్లాబు సెంట్రింగ్ వేసిన రోజే గుర్తు పెట్టించండి, ఇనుము కట్టాక ఎవరూ మార్చరు.